నురుగు తీసిన పాపం

నేను ఒక స్కిమ్మర్‌ని. ఉప్పునీటి అక్వేరియంలో గాలిబుడగలు ఊది, నీళ్లలోని మురికిని నురుగుగా తేల్చి, నెత్తిమీది గిన్నెలోకి తోసేయడం నా పని. ఓ ప్లాస్టిక్ కార్ఖానాలో గొట్టానికి గొట్టం అతికించి నన్ను తయారుచేశారు. మొదట కొన్న హైదరాబాదు బిల్డరు, గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నాక నన్నూ, తొట్టినీ కూడా మరిచిపోయాడు. ఏడాది తిరక్కుండా అమ్మేశాడు. అలా విశాఖపట్నంలో దంతవైద్యురాలు హైమవతి గారి క్లినిక్కుకు చేరాను.

రోగులు కూర్చునే గదిలో పెట్టారు తొట్టిని. అందులో రెండు మెత్తటి పగడాలు వేళ్లు విప్పినట్టు ఊగుతుండేవి. పక్క రాతిమీద ఆవిడ పంచప్రాణాలు, సీ స్క్వర్ట్‌ల గుంపు. కందిగింజంత సంచులు వందలకొద్దీ ఒకే జిగురుపొరలో ఒదిగి నీలంగా మెరిసేవి. నీళ్లు పీల్చి, వడగట్టి, అందులో కంటికి కనబడని నలుసులు తిని బతికే జీవులవి.

ఆ నలుసుల్నే నేను లాగేస్తున్నాను.

మూడోవారానికి గుంపు అంచులు తెల్లబడ్డాయి. హైమవతి గారు హడలిపోయి నీళ్లు మార్చారు, నా వేగం పెంచారు. అంచులు ఇంకా కుళ్లాయి. "పగడాలు బాగానే ఉన్నాయిగా, మరి వీటికేమైంది?" అని తల పట్టుకునేవారు. పగడాలు దీపం వెలుగుతోనే సగం కడుపు నింపుకుంటాయని ఆవిడకు తట్టలేదు. పైగా నన్ను తుడుస్తూ, "నువ్వు లేకపోతే ఇవి ఎప్పుడో పోయేవి" అనేవారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నా మోటారు కాలిపోతే బాగుండుననిపించేది. గుడగుడమనడం తప్ప నాకేం చేతనవును?

ఒకరోజు జాలరిపేట నుంచి ఎల్లమ్మ అనే చేపలమ్మే ముసలావిడ పన్ను పీకించుకోవడానికి వచ్చింది. తొట్టి దగ్గర వంగి చూసి పెదవి విరిచింది.

"ఏటి డాక్టరమ్మా, నీల్లు కడిగేసిన గాజులాగున్నాయి? ఇలాటియి మా పడవల అడుగున పడతాయి. మడ్డినీల్లలోనే ఆటికి కూడు. నువ్వు కూడు తీసేసి కంచం తోముతున్నావు."

"ముందు మీరు నోరు తెరవండి" అన్నారు హైమవతి గారు, మొహం మాడ్చుకుని.

ఇంకో ఆరు రోజులు అదే శుభ్రం, అదే చావు. చివరికి రాతిమీద బొటనవేలి గోరంత నీలం మిగిలింది. ఎంత మొండి పన్నయినా చెయ్యి వణక్కుండా పీకే మనిషి, ఆ మధ్యాహ్నం తొట్టి ముందు కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. ఎల్లమ్మ కుట్లు విప్పించుకోవడానికి రాగానే ఎదురెళ్లి, "ఆ రోజు ఏమన్నారు? మళ్లీ చెప్పండి" అన్నారు.

"ఆ గుడగుడలాడే దాన్ని ఆపీ తల్లీ. ఆటిని తిన్నీ."

నా స్విచ్చి కట్టేశారు. అన్ని రోజుల్లో నాకు జరిగిన మేలు అదొక్కటే. మర్నాటి నుంచి తొట్టిలో సన్నటి మేత చుక్కలు చుక్కలుగా పడసాగింది. నన్ను కడిగి, ఆరబెట్టి, ఎక్స్‌రే గది అలమరలో పెట్టి తలుపు వేశారు.

నెలన్నర తర్వాత గోడ అవతల హైమవతి గారి కేక వినబడింది: "ఎల్లమ్మగారూ, రండి రండి, కొత్తవి నాలుగు పుట్టాయి!"

వందల్ని పస్తులతో చంపినదాన్ని. ఆ నాలుగింటినీ ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది. ఈ అలమర తలుపు ఎవరూ తీయరు.