ఉప్పునీళ్ళ పరీక్ష

"ఉప్పు ఎక్కువ కలిపానని చెప్పు, అంతే. నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు మొగుడు, తిన్న కంచం సింకులో పడేస్తూ. కంచమూ ఆమే తోమాలి, అతని తప్పూ ఆమే మొయ్యాలి. ఎంత చక్కటి పంపకమో!

ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. అతను ఫర్నేస్ సెక్షన్ ఇన్‌ఛార్జి, ఆమె ల్యాబ్ ఇంజినీరు. పంపుల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు అరిగిపోకుండా, ఫర్నేస్‌లో పెట్టి వాటి పైపొరలోకి నైట్రోజన్ ఎక్కిస్తారు. వేడి తక్కువగా ఉంచి ఓపిగ్గా ఎక్కిస్తే కడ్డీ గట్టిపడుతుంది, తుప్పూ పట్టదు. తొందరపడి వేడి పెంచితే మాత్రం, తుప్పును ఆపాల్సిన క్రోమియం కాస్తా పోయి నైట్రోజన్‌తో జట్టు కట్టేస్తుంది. పైకి గట్టిగానే ఉంటుంది, కాపాడే దిక్కుండదు. వేడి పెంచొద్దని ఆమె ముందే చెప్పింది. "ఇదేమన్నా మన వంటింటి పొయ్యి అనుకున్నావా?" అని నలుగురిలో నవ్వాడు. వేడి పెంచేసి, సరుకు త్వరగా దింపి శభాష్ అనిపించుకున్నాడు. తీరా ఆమె ల్యాబులో తుప్పు పరీక్షకని ఉప్పునీళ్ళ జల్లు కింద పెడితే, కడ్డీలన్నీ ఎర్రగా తుప్పు పట్టాయి.

ఇప్పుడు తప్పు ఫర్నేస్‌ది కాదట, ఉప్పునీళ్ళదట! "ఆడదానివి, నిన్నెవరూ ఏమీ అనరు. నా ప్రమోషన్ పోతే ఎలా?" అన్నాడు. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అందుకుంది. "మొగుడి పరువు కంటే నీ ఉద్యోగం ఎక్కువా అమ్మాయ్? ఏదో సరదాకి చేసుకుంటున్నావు." సరదాకట! పాలు విరిగినా ఆమే, పిల్లకి జ్వరమొచ్చినా ఆమే, ఆయనగారి తాళంచెవి కనబడకపోయినా ఆమే. ఒప్పుకుంటే గొడవ వదిలిపోతుందని ప్రతిసారీ ఒప్పుకుంది. ఏ గొడవా వదల్లేదు, ఆమెకే మనసు మొద్దుబారింది. కానీ ఉప్పు తూచడం కూడా రాదని తన నోటితో తనే చెప్పుకుంటే, రేపట్నుంచి ఆ ల్యాబులో ఆమె మాట ఎవడు వింటాడు? ఇన్నేళ్ళలో ఆమె తనకంటూ సంపాదించుకున్నది ఆ ఒక్కటే.

మర్నాడు ఫ్యాక్టరీలో పెద్దసారు గదిలో తుప్పు కడ్డీలు బల్ల మీద పెట్టారు.

"మా ఆవిడ పరధ్యానంలో ఉప్పు ఎక్కువ కలిపేసింది సార్. ఇంట్లోనూ ఇంతే," అన్నాడు మొగుడు. గదంతా నవ్వింది. పెద్దసారు కూడా నవ్వి, "ఏమ్మా, అంతేనా?" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తుప్పు కడ్డీ ఒకటి పెద్దసారు ముందుకు జరిపింది.

"మళ్ళీ పరీక్ష పెడదాం సార్. ఈసారి ఉప్పు ఆయన్నే కలపమనండి."