అక్షింతలు మింగిన ఫ్రిజ్

నేను ఒక అద్దాల ఫ్రిజ్‌ని. మండపేటలో మంగతాయారు పాల దుకాణంలో గుమ్మానికి ఎదురుగా నిలబడి, పెరుగు కప్పులనూ జున్ను ముక్కలనూ వచ్చేపోయేవాళ్లకు చూపించడం నా ఉద్యోగం.

నన్ను తయారుచేసినవాళ్లు నా కడుపులో చల్లని గొట్టాల పక్కనే ఒక చిన్న హీటరు పెట్టారు. తలుపు తీసినప్పుడల్లా లోపలికొచ్చే తేమ ఆ గొట్టాల మీద మంచుగా పేరుకుంటుంది. అప్పుడప్పుడు హీటరు వెలిగి దాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్లు అడుగున ఉన్న రంధ్రంలోంచి కింది పళ్లెంలోకి జారిపోతాయి. నాకది స్నానం లాంటిది.

రాజమండ్రిలో బేకరీ నడిపే నాగభూషణం నా మొదటి యజమాని. చలువకని కొన్న పెట్టెలో పొయ్యి ఎందుకని ఆయన హీటరు తీగలు పీకించేశాడు. కొద్దిరోజుల్లోనే నా కడుపు మంచుతో బిగుసుకుపోయింది. గాలి ఆడక కేకుల మీది క్రీము జారిపోయింది. తప్పంతా నాదేనని తేల్చి నన్ను పాతసామాన్ల కొట్టుకు పంపాడు. స్నానం మానేసి తానెన్నాళ్లు ఉండగలడో ఆయన ఆలోచించలేదు.

జిలానీ అనే మెకానిక్ ఆ తీగలు మళ్లీ కలిపి నన్ను మంగతాయారుకు అమ్మాడు. మంచుకు కత్తి తగలనివ్వొద్దనీ, అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూసుకోమనీ చెప్పాడు. కత్తి మాట ఆమెకు గుర్తుంది. రంధ్రం మాట మరిచిపోయింది.

నామీద ఆమెకు ఎంత భక్తంటే, ప్రతి శుక్రవారం నాకు పసుపు రాసి, బొట్టుపెట్టి, తలుపు తీసి లోపలి ఫ్యాను చల్లగా తిరగాలని దానిమీద అక్షింతలు చల్లేది. నేను నోరు తెరిచి మింగేవాణ్ణి. కాదనడానికి నాకు మాట లేదు కదా.

మంగతాయారు అన్న భార్య రత్నమాణిక్యం ఆ వీధి చివర మెస్సు నడుపుతుంది. కుండ పెరుగు ముందు ఫ్రిజ్ పెరుగు ఎందుకూ పనికిరాదని ఆడపడుచును ఏడిపించడం ఆవిడకు సరదా. చివరికి ఒక మాట అనుకున్నారు. రత్నమాణిక్యం మనవడి అన్నప్రాసనకు పెరుగు మంగతాయారు పంపాలి. అది పుల్లబడకుండా ఉంటే మెస్సుకు రోజూ ఇక్కడి పెరుగే. పుల్లబడితే ఇక ఆ ఊసే ఎత్తకూడదు.

అన్నప్రాసనకు ముందురోజు పొద్దున్నే మంగతాయారు తలుపు తీసేసరికి నా అడుగున నీళ్లు, వెనక గొట్టాల నిండా మంచు. లోపల చల్లదనం లేదు. తోడుకున్న పెరుగు గిన్నెలు ఇంకాసేపు ఉంటే పులిసిపోతాయి. ఆ వీధిలో అంత పెద్ద ఫ్రిజ్ ఇంకొక్కటే ఉంది. అది రత్నమాణిక్యం మెస్సులో.

మంగతాయారు కొంగు నడుముకు దోపి, గిన్నెలన్నీ రిక్షాలో పెట్టించుకుని వదిన దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు వదిన కూడా వెంట వచ్చింది.

ప్లగ్గు తీశారు. మంచు దానంతటదే కరిగింది. నీళ్లు మాత్రం కదల్లేదు. రత్నమాణిక్యం చీపురుపుల్ల విరిచి రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పింది. నానిపోయిన పసుపు బియ్యం ముద్దగా బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆడపడుచు ముఖం ముందుకు తెచ్చింది.

"ఏంటి మంగా, దీనికి పెళ్లి చేశావా? భోజనాలకి నన్ను పిలవలేదేం?"

"నవ్వు వదినా, నవ్వు. పెరుగు నీ మెస్సులో ఉందని కదా ఈ ధైర్యం."

గోరువెచ్చని నీళ్లు పోస్తే గడగడా కింది పళ్లెంలోకి దిగాయి. నా ప్రాణం లేచివచ్చింది. మధ్యాహ్నానికల్లా మళ్లీ చల్లబడ్డాను. సాయంత్రం గిన్నెలు నా దగ్గరికి తిరిగొచ్చాయి.

అన్నప్రాసన మర్నాడు రత్నమాణిక్యం ఖాళీ గిన్నెలు తెచ్చింది. అన్నీ తుడిచిపెట్టినట్టున్నాయి. మెస్సుకు రేపటినుంచి రెండు పెద్ద గిన్నెలు పంపమంది. మంగతాయారు వదిన కాళ్లకు వంగింది. రత్నమాణిక్యం చెంగుకు కట్టుకొచ్చిన అక్షింతలు విప్పి ఆమె తలమీద వేసింది.

"ఇవి వెయ్యాల్సింది ఇక్కడే. దాని నోట్లో కాదు."

సరిగ్గా అప్పుడే నా హీటరు వెలిగింది. కరిగిన మంచు టప్ టప్‌మని పళ్లెంలో పడసాగింది.

రత్నమాణిక్యం చెవి ఒగ్గి విని, "చూడవే, దీనికీ ఏడుపొస్తోంది" అంది.

ఏడుపు కాదు. స్నానం చేస్తున్నాను.