జామవాసన కింద ఏముంది

పండు పళ్లెంలో ఉండాలి, బీరు గ్లాసులో ఉండాలి. ఎవడైనా రెండిటికీ పెళ్లి చేస్తున్నాడంటే వాడు పనిలో ఏదో తప్పు చేసి దాస్తున్నాడన్నమాట. ఇదీ మామగారి సిద్ధాంతం. నీళ్లు, మొలకెత్తించిన బార్లీ, చేదు పువ్వులు, ఈస్టు, ఈ నాలుగూ కలిస్తే బీరు. ఐదోది పడిందంటే ఆ నాలుగింట్లో ఏదో చెడింది, దాని మీద పండు కప్పారు, అంతే.

ఆయన అసలే ముక్కుసూటి మనిషి. దానికి తోడు ఆ చిన్న బీరు కార్ఖానా ముప్పై ఏళ్లుగా ఆయన ముక్కు మీదే నడిచింది. ట్యాంకు కుళాయి కింద ఓ చిన్న మందపాటి గ్లాసు పట్టి, కళ్లు మూసుకుని వాసన చూసి, "ఇంకో రెండు రోజులు" అనో "ఇక చల్లబెట్టండి" అనో చెప్పేవారు. ఆయన సరే అనేదాకా చల్లబెట్టే మీట జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. ఆ గ్లాసు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది. పనివాళ్లు చాటుగా ఆయన్ని ముక్కుగారు అనుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల గర్వం కూడా.

కోడలు ఆ ఇంటికొచ్చి పదకొండేళ్లు. పని ఆయన దగ్గరే నేర్చుకుంది. మొండితనం కూడా అక్కడే నేర్చుకుంది కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. ఒక్క జామపండు దగ్గరే చెడింది. జామపండు గుజ్జు వేసి ఓ బకెట్టెడు బీరు చేసి చూసిందామె. అద్భుతంగా వచ్చింది. మామగారు గ్లాసు ముట్టుకోను కూడా లేదు.

"నేనున్నంతకాలం ఈ ట్యాంకుల్లో పండు పడదమ్మాయ్," అన్నారు.

"నాన్న మాటంటే మాటే," అన్నాడు మొగుడు. తండ్రికీ పెళ్లానికీ మధ్య నిలబడాల్సి వచ్చినప్పుడల్లా అతనికి బండి మీద సరుకు ఎక్కించే పని గుర్తొచ్చేది.

ఇక పాలు మాడిన సంగతి. ఓ మధ్యాహ్నం ఆమె కార్ఖానా నుంచి ఇంటికొచ్చింది. గుమ్మంలోనే మాడు వాసన గుప్పుమంది. వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగు నల్లబడుతోంది. దానికి రెండడుగుల దూరంలో, వీపు ఇటు తిప్పి, మామగారు పేపరు చదువుకుంటున్నారు. తీరిగ్గా పేజీ తిప్పారు. పొగ కళ్లకి తగిలాక గానీ ఉలిక్కిపడి లేవలేదు. పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి, గిన్నె తనే తోమి, తుడిచి, ఎప్పుడూ ఉండే చోటే బోర్లించారు. ఆమె వంటింటి గుమ్మం చాటున నిలబడి అంతా చూసింది.

అయ్యో, ముక్కుగారికి ముక్కు పోయింది. వెళ్లి పక్కన కూర్చుని, ఎన్నాళ్లనుంచి మామయ్యా అని అడగాలనిపించింది. కానీ అడుగు వెయ్యకుండానే వెనక్కి తిరిగి కార్ఖానాకి వెళ్లిపోయింది. దారిలో ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. పాపమంతా ఆ రెండో ఆలోచనదే.

మూడు వారాల తర్వాత, అందరూ టీ తాగుతున్న వేళ, నవ్వుతూ పందెం వేసింది.

"మూడు కప్పులు పెడతాను మామయ్యా. ఒక్కదాంట్లోనే జామపండు. పండు బీరుని ముంచేస్తుందంటారుగా, అయితే కనిపెట్టెయ్యాలి. కనిపెట్టలేకపోతే ముంచట్లేదనేగా అర్థం? అప్పుడు నాకో ట్యాంకు ఇచ్చెయ్యాలి."

మామగారు ఆమె వంక కాసేపు చూశారు. "సరే," అన్నారు.

ఆ చూపుని ఆమె పట్టించుకోలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ పూట ఆమె చేసింది అదే. ఇది న్యాయమైన పరీక్షే, వాసన ఇంకా కాస్తో కూస్తో తెలుస్తుందేమో, నేనేమన్నా డాక్టర్నా, అని తనకి తనే చెప్పుకుంది.

రంగు తెలియకుండా పింగాణీ కప్పుల్లో పోసింది. నడిమి కప్పులోది ఒంపుతుండగానే గదంతా జామవాసన కమ్ముకుంది. సీసాలకి మూతలు బిగించే ఆవిడ, అందరూ మూతలక్క అంటారు, ఆ మూల నుంచే తలెత్తి చూసింది. మామగారు కప్పులు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఎప్పట్లాగే కళ్లు మూసుకున్నారు. ఒక్కో గుక్క తాగారు. నడిమి కప్పు ముందుకి జరిపారు.

"ఇదీ బీరంటే. వేలెత్తి చూపడానికి లేదు. పండు ఆ చివరిదాంట్లో ఉంది."

మూతలక్క మొహం తిప్పుకుంది. మొగుడు తండ్రిని చూసి, పెళ్లాన్ని చూసి, తల దించుకున్నాడు. బండి కూడా గుర్తురాలేదు పాపం. మామగారు కళ్లు తెరిచి ఆ మొహాలన్నీ వరసగా చూశారు. జేబులోంచి చిన్న గ్లాసు తీసి కోడలి ముందు పెట్టారు.

"గెలిచావమ్మాయ్," అని బయటికి నడిచారు.

జామపండు బీరు అందరికీ తెగ నచ్చింది. ఇంకా కావాలని కబుర్ల మీద కబుర్లు. మామగారు ట్యాంకుల గదిలో అడుగు పెట్టడం మానేసి, పెరట్లో విరిగిన చెక్క పెట్టెలకి మేకులు కొట్టుకుంటూ కూర్చునేవారు. అన్నం దగ్గర ఏం వడ్డించినా బావుందనేవారు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజు కూడా బావుందన్నారు. అది ఉప్పు తెలియకో, తన మీద జాలితోనో తేల్చుకోలేక, ఆమె ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఎవరైనా కాలెండర్లో తారీఖు చూస్తున్నా పాలు మాడిన రోజే చూస్తున్నారనిపించేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే బతుకైపోయింది.

ఈలోగా జామపండు బీరు మూడో ట్యాంకుకి వచ్చింది. కొనేవాళ్లు సరుకు త్వరగా కావాలన్నారు. మామగారైతే ఇంకో రెండు రోజులు అని ఉండేవారు. ఆమె ఆ రెండు రోజులూ ఆగకుండా చల్లబెట్టేసి, అడుగున దిగిన ఈస్టు తీయించేసింది. మర్నాడు గ్లాసు పట్టి చూస్తే జామవాసన ఘుమఘుమలాడుతోంది. దాని కింద, ఎక్కడో అడుగున, వెన్న వాసన. తొందరపడి చల్లబెట్టిన బీరుకి వచ్చే జబ్బే అది. ఈస్టు తీసేశాక ఇక మందు లేదు. మిగతావాళ్లకి రుచి చూపించింది. అందరూ బ్రహ్మాండం అన్నారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. మర్నాడు సీసాల్లోకి పట్టాలి. ఆ పొద్దున ట్యాంకులోంచి పట్టిన గ్లాసుతోనే ఆమె పెరట్లోకి వెళ్లింది. బీరు సంగతి చెప్పాలని కాదు. పాల సంగతి ఇంక మొయ్యలేక.

"మామయ్యా, పందానికి ముందే నాకు తెలుసు. మీరు పాలు మాడబెట్టిన రోజు..."

"గుమ్మంలో ఉన్నావు. నీ నీడ పడింది," అన్నారాయన మేకు మీంచి చూపు తిప్పకుండా.

ఆమె పెట్టె అంచున కూలబడింది.

"మరి పందానికి ఎందుకొప్పుకున్నారు?"

"నువ్వొచ్చి అడుగుతావని మూడు వారాలు చూశాను. పందెం అన్నావు. సరే, కప్పులు నా ముందు పెట్టేటప్పుడైనా ఆగుతావనుకున్నాను." సుత్తి పక్కన పెట్టారు. "నాదీ తప్పుంది. ఆరు నెలలు వాసన తెలియకుండానే ట్యాంకులకి సరే అన్నాను. ఏదైనా చెడి ఉంటే జనమేగా తాగేది? పోనీ, అది వదిలెయ్. ఆ గ్లాసులో ఏముంది?"

"జామపండు బీరు."

"జామపండు కింద?"

బావుంది మామయ్యా అనొచ్చు. ఆయనకి తెలిసే దారి లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"వెన్న," అంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నాలుగు రోజులు."

మామగారు ఇంకో మేకు ఏరుకున్నారు. "నాకు తెలియక ఊరుకున్నాను. నీకు తెలిసి ఊరుకున్నావు," అని మళ్లీ సుత్తి అందుకున్నారు.

ఆమె తిన్నగా ట్యాంకుల గదికి వెళ్లి కింది కుళాయి పూర్తిగా తిప్పేసింది. బీరు నురగలు కక్కుతూ నేల మీద పారి తూములోకి దూకింది. గొట్టాలు కడిగేవాళ్లు, మూతలక్క, మొగుడు, అందరూ పరిగెత్తుకొచ్చారు. పందెం రోజున ఉన్నవాళ్లంతా ఉన్నారు.

"తొందరపడి చల్లబెట్టాను. చెడింది. నాలుగు రోజులుగా తెలుసు," అంది ఆమె. "ఇంకోటి. పెద్దాయనకి వాసన తెలియదని నాకు ముందే తెలుసు. తెలిసే పందెం వేశాను. మీ అందరి ముందూ ఆయన్ని నిలబెట్టింది నేనే."

మొగుడు ఆమెని ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"మేమూ తాగామే, చెడినట్టు తెలియనే లేదు," అంది మూతలక్క మెల్లగా. "జామపండు కమ్మేసిందమ్మా."

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. జామవాసనకి అక్కడున్న అందరికీ ఊపిరాడటం లేదు. ఆయన మాత్రం కిందకి వంగి, పారే నురగని కళ్లతోనే చూస్తున్నారు. ఆమె దగ్గరికెళ్లి చిన్న గ్లాసు చాపింది. ఆయన అందుకోలేదు.

"నాకెందుకది?" అన్నారాయన. "ట్యాంకు కడిగి మళ్లీ మొదలుపెట్టు. పండు వేసుకో, నేనేం అనను. వెయ్యకముందు మాత్రం ఓ గ్లాసు పట్టి నా దగ్గరికి తీసుకొచ్చి, అందులో ఏముందో చెప్పు."

"చెప్తాను మామయ్యా."

"నువ్వు చెప్పిందే నేను నమ్మాలి," అన్నారాయన. "నాకింకో దారి లేదు."