పాటలో పట్టని నాలుగు

కాపీ కొట్టారట! మా బడి ఆడపిల్లలు అయిజ సెంటర్లో కూర్చొని, మెడ కదిపితే కసిరే ఇన్విజిలేటర్ల మధ్య, అందరూ ఒకే సమీకరణాన్ని ఒకే తీరుగా తప్పు రాశారట. కాబట్టి కాపీ కొట్టారట. ఆ మాట విన్న రోజు నా ఒళ్లు మండింది. ఇప్పుడు తలచుకున్నా మండుతుంది. కాపీ కొట్టే ఏర్పాటే చేసుకున్నవాళ్లు గైడు చింపి తెచ్చుకొని ఒప్పే రాసేవాళ్లు కదా! పనిగట్టుకొని తప్పు మోసుకొస్తారా ఎవరైనా?

నా పేరు సరోజ. మాది వనపర్తి. ఉద్యోగం అయిజ దగ్గర ఒక ఊళ్లో, ఉన్నత పాఠశాలలో తెలుగు టీచర్ని. ఇది రెండువేల ఆరు నాటి సంగతి. సైన్సుకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. పప్పులో ఉప్పు ఎంత వేయాలో తెలుసు, అంతే నా రసాయన శాస్త్రం.

అంతకు ముందు జూన్‌లో మా భౌతిక, రసాయన శాస్త్రాల సారు కౌన్సెలింగ్‌లో గద్వాలకు బదిలీ చేయించుకొని వెళ్లిపోయాడు. ఆయన కుర్చీ ఖాళీ. హెడ్మాస్టర్ చెన్నయ్య సారు పై ఆఫీసుకు కాగితం మీద కాగితం పంపాడు. "పోస్టుల సర్దుబాటు కానియ్యండి, చూద్దాం" అన్నారు. దసరా అయింది, సంక్రాంతి అయింది, చూస్తూనే ఉన్నారు. పదో తరగతికి సైన్సు పీరియడ్ వస్తే చెన్నయ్య సారు నన్ను పంపేవాడు. "మీరేం చెప్పకండి మేడం, గడబిడ కాకుండ చూడండి, చాలు" అనేవాడు. గొర్రెల మందకు కాపలా పెట్టినట్టు పెట్టాడు నన్ను.

పిల్లలు ఊరుకోలేదు. తలా ఇంత వేసుకొని ఒక గైడు కొనుక్కున్నారు. అమూల్య అనే పిల్ల గట్టిగా చదివేది, మిగతావాళ్లు రాసుకునేవాళ్లు. గద్య భాగం ఎలాగో తలకెక్కేది గాని, సమీకరణాలు మాత్రం చదివిన మరుక్షణమే జారిపోయేవి. ఒకసారి సుహానా నా దగ్గరికి పుస్తకం పట్టుకొచ్చింది.

"టీచర్, గీ చిన్న రెండు కిందికెందుకు దిగింది? గీ పెద్ద నాలుగు ముందటికెందుకొచ్చి నిలబడ్డది?"

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను. తెలియనిది తెలియదనే చెప్పాలి కదా.

ఈ సుహానా మునవ్వర్ కూతురు. అయిజకూ గద్వాలకూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు మునవ్వర్. పిల్లది గలగలా మాట్లాడుతుంది, గొంతెత్తి పాడుతుంది. బతుకమ్మ రోజుల్లో వాడకట్టు ఆడపిల్లల్లో ముందు పాట అందుకునేది ఈమే. ఆ ఏడు బతుకమ్మ వచ్చేసరికి సమీకరణాల మీద విసుగెత్తి, ఖాళీ పీరియడ్లో లేచి, సంచులన్నీ నడుమ కుప్ప పోయించి, చుట్టూ పిల్లలను నిలబెట్టి చప్పట్లు మొదలుపెట్టింది.

రెండెమ్‌జీ కాలె ఉయ్యాలో
ఓటూతో కలిసె ఉయ్యాలో
రెండెమ్‌జీవో ఆయె ఉయ్యాలో

మెగ్నీషియం కాలడం అన్నమాట. నవ్వలేక చచ్చాను. కానీ మర్నాడు అడిగితే అందరికీ వచ్చింది! ఒక్కరు కూడా తడబడలేదు. ఇక పండుగ అయిపోయినా ఆట ఆగలేదు. గైడులో ఉన్న సమీకరణాలన్నీ ఉయ్యాలలెక్కాయి. మగపిల్లలు మాత్రం గోడకు ఆనుకొని చూసేవాళ్లు. "ఆడోళ్ల పాట మేం పాడం" అన్నారు. మీసాలు ఇంకా రాలేదు గాని పౌరుషం వచ్చేసింది.

ఇనుము సమీకరణం దగ్గర ఒక చిక్కొచ్చింది. ఎర్రగా కాలిన ఇనుము మీదుగా నీటి ఆవిరి పోతే జరిగేది. గైడులో సరిగానే ఉంది: 3Fe + 4H₂O → Fe₃O₄ + 4H₂. సుహానా దాన్ని ఉన్నదున్నట్టు పాడబోయింది. "నాలుగు" అనగానే మాట చప్పట్లను దాటిపోయింది, అడుగు తప్పింది, అమూల్య పోయి పక్కపిల్ల మీద పడింది. మళ్లీ పాడారు, మళ్లీ పడ్డారు. "ఆ నాలుగు ఇడిసిపెట్టే" అన్నారెవరో. విడిచిపెట్టారు. ఆట చక్కబడింది.

మూడెఫ్ఈ కలిసె ఉయ్యాలో
హెచ్‌టూవో తోటి ఉయ్యాలో
ఎఫ్ఈత్రీ ఓఫోర్ ఉయ్యాలో
హెచ్‌టూలు లేచె ఉయ్యాలో

పరీక్షలో మెగ్నీషియంతో పాటు సరిగ్గా అదే అడిగారు. ఆడపిల్లలందరూ లోలోపల చప్పట్లు కొట్టుకొని, పాడుకొని, రెండు నాలుగులూ లేకుండా రాసి వచ్చారు. మగపిల్లలు ఎవడికి తోచింది వాడు రాశాడు. శ్రవణ్ కుమార్ అనేవాడైతే ఇనుము మీద నీళ్లు పోస్తే తుప్పు పడుతుందని సగం పేజీ రాశాడు.

ఫలితాలు వచ్చిన రోజు మునవ్వర్ ఆటో నిండా పిల్లలను ఎక్కించుకొని అయిజ నెట్ సెంటర్‌కు తీసుకుపోయాడు. మగపిల్లల నంబర్లు కొడితే మార్కులు వచ్చాయి. తుప్పు పట్టించినవాడు కూడా పాసయ్యాడు. ఆడపిల్లల్లో ఎవరి నంబర్ కొట్టినా ఒకటే మాట, ఫలితం నిలిపివేయబడింది అని. పేపర్లు దిద్దిన చోట ఎవరో ఈ తప్పు చూసి, సామూహికంగా కాపీ జరిగిందని రాసి పంపారు. ఎవడి తప్పు వాడు చేస్తే నిజాయితీ అట, కలిసి ఒకే తప్పు చేస్తే దొంగతనమట. ఏం న్యాయమో!

రుజువైతే పరీక్ష మొత్తం రద్దు, కొన్నాళ్ల దాకా మళ్లీ రాయనివ్వరు. అప్పటికే గద్వాల జూనియర్ కాలేజీలో సుహానాకు ఎం.పి.సి. సీటు కోసం మునవ్వర్ మాట్లాడి వచ్చాడు. శనివారం దాకా ఆపుతామన్నారు, ఆ తర్వాత మార్కుల మెమో లేనివాళ్లకు సీటు లేదు. ఆయన బడికి వచ్చి నా ముందర నిలబడ్డాడు.

"మేడం, నా బిడ్డ దొంగతనం చేసిందని ఆటోల కూసున్నోళ్లు నన్నే అడుగుతున్నరు. ఏం జెప్పాలె నేను?"

"చేయలేదని చెప్పు. గట్టిగా చెప్పు" అన్నాను. నా గొంతు నాకే కరుకుగా వినిపించింది.

గురువారం విచారణకు దశరథం గారని ఒక అధికారి జీపులో వచ్చాడు. ఒకప్పుడు ఆయన కూడా భౌతికశాస్త్రం టీచరే, ఆఫీసులోకి పోయి చాలా ఏళ్లయిందట. పదో తరగతి గదిలో కుర్చీ వేశారు. పిల్లలు బెంచీలకు అతుక్కుపోయి కూర్చున్నారు.

"నాలుగు నిమిషాల్లో ఒప్పుకుంటే నయం. ఎవరు చూపించారు? ఎవరు అందించారు?" అన్నాడాయన.

అమూల్య లేచింది. "ఎవరు సూపియ్యలే సార్. పాటల గట్లనే ఉంది."

"పాటేంది?"

చెన్నయ్య సారు ఊరుకోమని సైగ చేశాడు. నేను చూడనట్టే ఉన్నాను. "లేవండి, సంచులు నడుమ పెట్టండి, పాడి చూపించండి సారుకు" అన్నాను.

ముందు గొంతులు వణికాయి. మెగ్నీషియం కాలేసరికి చప్పట్లు కుదిరాయి. ఇనుము దగ్గరికి వచ్చేసరికి గది గుండ్రంగా తిరుగుతోంది. ఆయన పెదవి బిగించి చూస్తున్నాడు.

"ఇప్పుడు ఆ నాలుగు పెట్టి పాడండి" అన్నాను.

"నాలుగు హెచ్‌టూవో" అందుకుంది సుహానా. అడుగులు తప్పాయి, చేతులు గాల్లోనే ఉండిపోయాయి, అమూల్య మళ్లీ పక్కపిల్ల కాలు తొక్కింది.

"చూశారా సార్? పాటలో పట్టింది పేపర్లో ఉంది, పాటలో పట్టనిది పేపర్లో లేదు. మెగ్నీషియం రెండ్లు పట్టాయి, చూడండి ఎవరైనా వదిలారేమో. ఇది కాపీ కాదు, తాళం" అన్నాను.

ఆయన తన దగ్గరున్న జవాబు పత్రాలు తిరగేశాడు. తల ఊపాడు. ఊపి ఊరుకుంటే బాగుండేది.

"సరే, కాపీ కాదనుకుందాం. కానీ ఇది ఇంకా అధ్వాన్నం. అర్థం తెలియకుండా బట్టీ పట్టడం! సమీకరణాన్ని తుల్యం చేయడం కూడా రాదా పదో తరగతి పిల్లలకు? ఏమని రాయాలి నేను నివేదికలో?"

నాకు తిక్క రేగింది. "చెప్పేవాడు ఉంటే కదా సార్ రావడానికి! ఏడాది పొడుగునా కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ ఖాళీ అని మీ ఆఫీసుకు తెలుసు. ఆకలైన పిల్లకు అన్నం పెట్టకుండా, సరిగ్గా నమలడం రాదంటారా?"

"మేడం, మేడం" అంటున్నాడు చెన్నయ్య సారు.

ఇంతలో సుహానా అడిగింది, "తుల్యం అంటే ఏంది సార్?" వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

దశరథం గారు విసురుగా లేచి సుద్దముక్క తీసుకున్నాడు. పిల్లలు రాసినట్టే బోర్డు మీద రాశాడు: 3Fe + H₂O → Fe₃O₄ + H₂.

"ఇదిగో, ఈ కింద ఉన్న చిన్న అంకె ఒక అణువులో ఎన్ని పరమాణువులో చెబుతుంది. దాన్ని మనం ముట్టకూడదు, ముడితే పదార్థమే మారిపోతుంది. ముందు పెట్టే పెద్ద అంకె ఎన్ని అణువులో చెబుతుంది. అది మన చేతిలో ఉంటుంది. బాణానికి ఇటు ఎన్ని పరమాణువులు పోయాయో అటు అన్నే తేలాలి. ఏదీ మాయం కాదు, కొత్తది పుట్టదు. ఇప్పుడు చెప్పు, అటు ఆక్సిజన్ ఎన్ని?"

"నాలుగు."

"ఇటు?"

"ఒకటే." సుహానా బోర్డు దగ్గరికి నడిచింది. "అయితే ఇటు నీళ్లే నాలుగు గావాలె." ఆయన చేతిలోంచి సుద్ద తీసుకొని H₂O ముందు 4 పెట్టింది. ఒక్క క్షణం ఆగింది. "అరే, ఇప్పుడు హైడ్రోజన్ ఎనిమిదైనయి. అటు రెండే ఉన్నయి." H₂ ముందు కూడా 4 పెట్టింది. వెనక్కి తిరిగి చూసింది. "గీ రెండు నాలుగులేనా మేం ఇడిసిపెట్టింది?"

మిగతా పిల్లలంతా బోర్డు దగ్గరికి వచ్చేశారు. దశరథం గారి ముఖంలో అధికారి పోయి టీచరు కనిపించాడు. ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆయనే ఉత్సాహంగా Al + O₂ → Al₂O₃ అని రాసి, "ఇది చెయ్ చూద్దాం" అన్నాడు. సుహానా అల్యూమినియం ముందు 2 పెట్టి ఆక్సిజన్ దగ్గర ఆగిపోయింది. ఇటు రెండు, అటు మూడు. చెరిపింది. "రెండిటికీ కుదరాలంటె ఆరు జెయ్యాలె" అంది అమూల్య వెనకనుంచి. సుహానా O₂ ముందు 3, Al₂O₃ ముందు 2 రాసి, మళ్లీ అల్యూమినియం లెక్క చూసి 4 దిద్దింది. ఎవరూ పాడలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. 4Al + 3O₂ → 2Al₂O₃.

"శభాష్!" అన్నాడాయన. కుర్చీలో కూర్చొని నివేదిక రాశాడు. కాపీ జరగలేదు, ఫలితాలు విడుదల చేయవచ్చును అని పైకి చదివి వినిపించాడు. "రేపే ఫోన్ చేసి చెబుతాను. శనివారంలోగా మీ మార్కులు వస్తాయి. సంతోషమేనా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మునవ్వర్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "సారుకు దండం పెట్టండి" అన్నాడు చెన్నయ్య సారు. పిల్లలంతా పెట్టారు. సుహానా మాత్రం సుద్ద పట్టుకొని బోర్డు వైపే చూస్తోంది.

"సార్, గిది మాకు జెప్పనీకె మీకు పది నిమిషాలు గూడ పట్టలే" అంది.

"అవును. తేలికే కదా" అని నవ్వాడాయన.

"మేం ఏడాదంత పాడినం సార్. మీకొస్తది గద ఇది. మమ్ములను దొంగలని అడగనీకె జీపుల వచ్చిన్రు. చెప్పనీకె ఒక్క దినం రాకపోతిరి?"

ఆయన నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"సుహానా!" అన్నాడు చెన్నయ్య సారు, గొంతు తగ్గించి. "మాటలు తర్వాత. ముందు సారుకు దండం పెట్టు."

అది నా వైపు చూసింది. చెయ్యి సగం లేచింది.

"పెట్టకు బిడ్డా" అన్నాను.