మూడో పాటలో తప్పిన లెక్క

అసలు ఇదొక ఆల్బమ్మా, ఇల్లు మారేవాళ్లు నడివీధిలో దింపిన సామానులా ఉంది, పాత ఇంట్లోనూ లేదు, కొత్త ఇంట్లోనూ లేదు, అనుకుంటూ సమీక్షకుడు హెడ్‌ఫోన్లు బల్లమీద పడేసి ఈసారి స్పీకర్లో పెట్టాడు, మధ్యాహ్నం రెండు గంటలకల్లా సమీక్ష పత్రికకి పంపాలి, ఇరవై నిమిషాల పాటలతో పేరు తెచ్చుకున్న ప్రోగ్రెసివ్ రాక్ బృందం, ఇప్పుడు నాలుగేసి నిమిషాల పాటలట, పోనీ పూర్తిగా మారారా అంటే పాత అభిమానుల నోరు మూయించడానికి చివర్లో పద్నాలుగు నిమిషాలది ఒకటి తగిలించారు, సిగ్గులేకపోతే సరి, కీబోర్డు ఏదీ, అది ఉండాల్సిన చోటల్లా గిటారు గీకుడే, తను వాయించిన కీబోర్డు, పాటలు కురచ చేద్దామన్నారని పదకొండేళ్ల కిందట విసురుగా బయటికొచ్చేశాడు తను, డ్రమ్ముల ముందు కూర్చున్న సొంత తమ్ముడు మాత్రం లేవలేదు, వాడే నిన్న ఫోన్ చేశాడు, అన్నయ్యా, ఈ ఆల్బమ్ కూడా పోతే రికార్డు కంపెనీ మమ్మల్ని వదిలేస్తుంది, నువ్వేం రాసినా సరే, ఒక్కసారి మనసుపెట్టి విను అని, ఏం, చెవులు చాలవా, వీడి చప్పుడుకి మనసు కూడా పెట్టాలా.

ఇదిగో మూడో పాట, వేళ్లు వాటంతటవే బల్లమీద ఏడు లెక్కపెట్టాయి, ఈ బృందం పాటంటే ఏడు దెబ్బల చుట్టే కదా, పదేళ్ల తమ్ముడికి వంటింటి డబ్బాలమీద ఆ ఏడు నేర్పింది తనే, అదిగో, రెండో చుట్టులోనే దెబ్బ పక్కకి పడింది, నాలుగుసార్లు విన్నా అక్కడే తప్పుతున్నాడు, అందుకే పొద్దున తను రాశాడు, వయసు డ్రమ్మరుకి లెక్కపెట్టడం కూడా మరిపించింది అని, ఎంత చక్కటి వాక్యం, ఎడిటరు దాన్నే పెద్దక్షరాల్లో వేస్తాడు, ఎందుకండీ ఆ బల్లని అలా పొడుస్తారు, పాట హాయిగానే ఉందిగా అంది ఇస్త్రీ చేస్తున్న భార్య, ఆవిడ పాదం నేలమీద ఆడుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి, ఎక్కడా తప్పడం లేదు.

నాలుగు, వట్టి నాలుగు దెబ్బల పాట, తప్పింది తమ్ముడు కాదు, తను పెట్టిన ఏడు లెక్క, ఇస్త్రీ పెట్టె పట్టుకున్న మనిషికి తెలిసింది తనకి తెలియలేదు, సరే, వాక్యం కొట్టేస్తే పోతుంది, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, కానీ పొద్దున తమ్ముడు తప్పాడనుకున్నప్పుడు అన్నగా కడుపు తరుక్కుపోవాలి కదా, తను ఈల వేసుకుంటూ వెళ్లి టీ పెట్టుకున్నాడు, ఏమిటంత హుషారు అని ఆవిడ అడిగింది కూడా, పాటలు విన్న హుషారులే అన్నాడు, అబద్ధం, తమ్ముడు చెడిపోయాడని సంతోషమేసింది, అంతే, సంతోషమేసింది.