నోలీన్ పట్టిన దారం

నలభై ఏళ్లుగా ఆస్ట్రేలియాలోని బార్కాల్డిన్ చుట్టుపక్కల గొర్రెల పొలాలకు కంచెలు వేస్తున్న నోలీన్‌కు ఆ ఉదయం ఒళ్లు మండిపోయింది. మండదా మరి! బీమా ఇన్‌స్పెక్టర్ డెరిల్ ఆమె వాకిట్లోనే నిలబడి, "ట్రైలర్ సంగతి రాసుకున్నానండీ, మీ పికప్‌కి మాత్రం ఏమీ కాలేదు" అంటున్నాడు.

పోయిన మంగళవారం రైల్వే గేటు దగ్గర ఆమె బండి ఆపింది. వెనక వస్తున్న లారీ ఆగలేదు. పికప్‌కు తగిలించి ఉన్న, ఇనుప స్తంభాలతో నిండిన ట్రైలర్‌ను అది గుద్దింది, ట్రైలర్ పోయి ముందున్న పికప్‌ను పొడిచింది. ట్రైలర్ నుజ్జునుజ్జయింది. పికప్ మీద గీత పడలేదు, నిజమే. కానీ ఆ రోజు నుంచి ఎడమ తలుపు వేస్తే రాసుకుంటోంది, బండి పక్కకు లాగుతోంది. సోమవారం పదహారు కిలోమీటర్ల కంచె పని మొదలవ్వాలి. వంకర బండికి రెండు టన్నుల ఇనుము తగిలించి రోడ్డెక్కితే ప్రాణం మీదికొస్తుంది. ఎక్కకపోతే పని పోతుంది, మాట తప్పిందన్న చెడ్డపేరూ మిగులుతుంది.

"బండి అడుగున చట్రం వంగింది, డెరిల్. ఛాసీ."

"తిన్నగానే కనిపిస్తోంది కదండీ!"

"కంటికా? మా పనిలో కంటిని నమ్ముకున్నవాడి కంచె పక్కవాడి పొలంలో తేలుతుంది, నాయనా. ఇదిగో, ఈ కొస పట్టుకుని కిందికి దూరు."

ఆమె చేతిలో నారింజ రంగు నైలాన్ దారం ఉంది. కంచె పనివాళ్లు స్తంభాల వరుస చూసుకునే దారం. డెరిల్ తన ఇస్త్రీ చొక్కా వైపు చూసుకున్నాడు.

"పాములేమైనా ఉంటాయా?"

"ఉన్నా నిన్ను చూసి పారిపోతాయిలే. పడుకో!"

పడుకున్నాడు పాపం, ఎర్రమట్టిలో వెల్లకిలా. మొదట కుడివైపు, డ్రైవరు కూర్చునే క్యాబ్ వెనక నుంచి చివరిదాకా ఛాసీ పట్టీ వెంబడి దారం బిగించారు. ఎక్కడా సందు లేదు. తర్వాత ఎడమవైపు బిగించారు. రెండు కొసలూ ఇనుముకు ఆనుకున్నాయి, మధ్యలో మాత్రం దారం గాలిలో తేలింది.

"ఆ సందులో వేలు పెట్టు" అంది నోలీన్.

డెరిల్ బొటనవేలు పెట్టాడు. సులువుగా దూరింది. తీసి మళ్లీ పెట్టి చూశాడు.

"అయ్య బాబోయ్," అన్నాడు బండి కింద నుంచి. "నేను దీన్ని భేషుగ్గా ఉందని రాసేసేవాణ్ని. మీరు దీన్ని నడుపుకుంటూ పోయేవారు!"

"పోయేదాన్నే. ఎక్కడికన్నదే నీ రాతలో ఉండేది కాదు."

అతను తన కొసను ఛాసీకి కట్టేసి బయటికొచ్చి, మట్టి దులుపుకోకుండానే ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు కాదది, తప్పు దిద్దుకుంటున్న మనిషి గొంతు. ఈ పికప్ వర్క్‌షాపుకు వెళ్లాలన్నాడు, బరువు లాగే బండీ ట్రైలరూ ఆదివారానికల్లా ఈమె ఇంటికి చేరాలన్నాడు. నోలీన్‌కు పట్టలేనంత సంతోషం వేసింది, కానీ అతని ముందు బయటపడలేదు.

"ఫోటో తీసుకుంటానండీ. దారం అప్పుడే విప్పేయకండి."

"విప్పుతానా!" అంది, కొస ఇంకాస్త బిగించి పట్టుకుని. "వంకర సరిచేసేదాకా దారం విప్పడం నాకీ జన్మలో అలవాటు లేదు."