ఊ కొట్టినందుకు

కరణం శేషగిరిరావూ, నీ కలంలో ఉన్నది సిరా కాదు, జాలిమానుపల్లి తాగే నీళ్లు! బయపరెడ్డీ, నీ చీనీతోటలో వేలాడేవి బత్తాయిలు కావు, మా ఆడవాళ్ల ఖాళీ బిందెలు! మీరిద్దరూ కలిసి ఊరిని దోచారు. దోచి, ఊరే ఇచ్చిందని కాగితం చూపారు.

కూలన్నా, చదువుకుంటున్న తమ్ముడా, ఆ కాగితం ఎట్లా పుట్టిందో విను.

అరవై అయిదులో వాన మొహం చాటేసింది. బావుల్లో అడుగు రాయి తేలింది. ఊరికి మిగిలింది వంక, ఆ ఇసుక వాగు ఒక్కటే. ఇసుకలో మోకాటిలోతు గుంత తీస్తే చెలమలో నీళ్లు ఊరేవి. గొర్రెల కాపర్లకు ఒక చెలమ, రైతులకు ఒకటి, క్రైస్తవ పేటకు ఒకటి. ఆ వంకలోనే బయపరెడ్డి ఆయిలింజను దించాడు. పీల్చే పైపు ఇసుకలోకి పోయింది. మూడు వారాలకు ఏ చెలమలోనూ తడి లేదు.

హనుమక్క ఇంట్లో బాలింత ఉంది. కూతురు తిప్పమ్మ కని తొమ్మిది రోజులు. తల్లికి తాగడానికి నీళ్లు లేక పాలు పడడం లేదు, బిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక పడి ఉంది. ఒక్క చెంబెడైనా దొరుకుతాయని హనుమక్క పొద్దున్నే వంకకు పోయింది. అక్కడ కర్రలు లేచి ఉన్నాయి.

"మీ పేటోళ్లు నిలువులోతు తవ్వినారు, నీళ్లన్నీ మీకే జారినాయి!" గొర్రెల కాపరి చెన్నప్ప అరుస్తున్నాడు.

"మాకు జారింటే మా ఆడోళ్లు ఈడెందుకు ఉంటారప్పా? నీ గొర్రెలు తాగి ఉచ్చ పోసింటాయి, పోయి ఎతుక్కో పో!" పేట కూలీ యేసన్న తగ్గలేదు.

రెండెకరాల రైతు నారాయణప్ప మాత్రం గట్టుమీద దూరంగా నిలబడ్డాడు. "మీరు కొట్టుకోండి. వచ్చే ఏడు నా చేనికి కాలువ వస్తాది."

హనుమక్క బిందె దించింది. "నీళ్లు పేటోళ్లే లాగినారని నీకెవురు చెప్పినారు చెన్నప్పా?"

"రెడ్డి చెప్పినాడు."

"గొర్రెలే తాగినాయని నీకో?"

యేసన్న కర్ర దించాడు. "రెడ్డే చెప్పినాడు."

కాలువ మాట ఎవరిదో నారాయణప్పను ఆమె అడగను కూడా లేదు. అతనే తల దించుకున్నాడు.

యాభై అడుగుల దూరంలో ఇంజను డుగడుగమంటోంది. ఇంతసేపూ ఒక్కడూ అటు చూడలేదు. చూడరు! కళ్లెదుట ఉన్న ఇంజను కంటే, రెడ్డి ఒక్కొక్కరి చెవిలో విడిగా పోసిన మాటే బలంగా పనిచేసింది. ఎవడికి ఎవడిమీద ముందే కోపముందో వాడికి ఆ మాటే పోశాడు. ప్రతివాడూ అది తన బుర్రలోనే పుట్టిందనుకున్నాడు.

ఇంజను ఎవరి అనుమతితో దిగిందో అడగడానికి అందరూ కరణం ఇంటికి నడిచారు. శేషగిరిరావు తీర్మానం తీసి చదివాడు: "వంకలో ఇంజను పెట్టుకొనుటకు గ్రామస్థులందరు ఏకగ్రీవముగా సమ్మతించిరి."

"యాపొద్దు సమ్మతించినాం సామీ?" అన్నాడు యేసన్న.

"చావిడి దగ్గర రెడ్డి చెబుతాంటే ఊ అన్నారా, లేదా?"

అవును, అన్నారు. రెడ్డి వాక్యం వాక్యానికీ ఆగి "ఏమప్పా?" అంటే, అందరూ ఊ అన్నారు.

"ఊ అంటే ఇంటాండామని గదా!" చెన్నప్ప ముందుకు తోసుకొచ్చాడు.

"నా చెవికి అది ఒప్పుకున్నట్టే," అన్నాడు కరణం.

 ఆ ఊ కొట్టే అలవాటు హనుమక్కకు బాగా తెలుసు. బయపరెడ్డి కళ్లంలో విత్తనం చెనక్కాయలు ఒలిచేటప్పుడు కథలు చెప్పేది ఆమే. వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిందా, కథ ఆగుతుంది.

"సామీ," అందామె, "పోయినేడు కళ్లంలో నేను రాజు నక్కను పెండ్లాడినాడని చెప్తి. నలభై మంది ఊ అనిరి. ఆ పెండ్లి గూడా రాసుకో, ఏకగ్రీవంగా జరిగిందని!"

జనం నవ్వారు. అది మంచి నవ్వు కాదు. కరణం తలుపు వేసుకున్నాడు.

వంక గట్టున కూర్చున్నారు. కూర్చోగానే తగువు. యేసన్న ఇంజను పగలగొడదామన్నాడు. నారాయణప్ప అనంతపురం పోయి అర్జీ పెడదామన్నాడు. చెన్నప్ప ఇంకో మాట తెచ్చాడు: "ఏమి చేసినా సరే, రేపు నీళ్లొస్తే పేటోళ్ల చెలమ వాళ్లదే, మాది మాదే."

"నీ చెలమ మళ్లా ఎండిన పొద్దు యాడికొస్తావో చూస్తాలే!" యేసన్న లేచిపోబోయాడు.

చెన్నప్ప అన్నది తప్పు. దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు, తెంచాల్సిందే. కానీ అన్ని తగువులూ తెగేదాకా ఆగితే తొమ్మిది రోజుల బిడ్డ బతకదు.

"యేసన్నా, కూర్చో," అంది హనుమక్క. "నీ కోపం న్యాయమే. చెన్నప్పా, ఆ మాటకు నీతో మళ్లా కొట్లాడతా, ఇడిసిపెట్టను. ఇప్పుడు ఒక్కటే అడగతాండా. ఆ పైపు ఉండల్లనా, పోవల్లనా? ఒక్కొక్కరే నోరు తెరిచి చెప్పండి. ఊ అంటే లెక్కలోకి రాదు."

"పోవల్ల," అన్నాడు యేసన్న. "పోవల్ల," అన్నాడు చెన్నప్ప. గట్టు పొడవునా ఆ మాట నడిచింది. నారాయణప్ప దగ్గర ఆగింది. కాలువ మీద ఆశ ఇంకా అతన్ని వెనక్కి లాగుతోంది. ఎండిన వంక వైపు చూసి అన్నాడు: "మొన్న నా ఎద్దు నాలుక బయటేసి చచ్చిపాయ. కాలువ యాడిదిలే. పోవల్ల."

అప్పటికి రెడ్డి కబురందుకుని వచ్చాడు. ముఖాన నవ్వు పులుముకుని మొదలుపెట్టాడు. "నా తోట పండితే అందరికీ పనే గదా, ఏమప్పా?"

ఎవరూ ఊ అనలేదు.

"కాలువ గూడా తీయిస్తా. ఇంటాండారా?"

ముసలి చౌడమ్మ నోటిదాకా వచ్చిన ఊను కొంగు కుక్కి ఆపుకుంది.

"ఏమప్పా... నేను చెప్పేదేమంటే..." రెడ్డి ఏం చెప్పబోయాడో మరిచిపోయాడు. రెండువందల మంది ముందు అతని కథ ఆగిపోయింది.

జనం ఇసుకలోకి దిగారు. యేసన్న, చెన్నప్ప ఒకే పైపును పక్కపక్కన పట్టుకుని లాగారు. ఇంజను గాలి పీల్చి దగ్గి ఆగింది. సాయంత్రానికి గుంతల్లో నీళ్లు ఊరాయి. మొదటి చెంబు తిప్పమ్మకు పోయింది.

మర్నాడు పోలీసులు హనుమక్కను ఠాణాకు ఈడ్చుకుపోయారు. ఎస్సై ఆమె పేరున రాసిన వాంగ్మూలం చదివాడు. "నేనే జనాన్ని రేపితిని." ఆగి ఆమెవైపు చూశాడు. "నేనే పైపు పీకితిని." మళ్లీ ఆగాడు. ఆగిన ప్రతిచోటా ఒక ఊ కోసం వల పన్నాడు.

హనుమక్క పెదవి కదపలేదు. చెంప పగిలినా కదపలేదు.

బయటినుంచి చెన్నప్ప గొంతు లేచింది. "ఆమొక్కతే కాదు, అందరమూ పీకినాం!" యేసన్న అందుకున్నాడు. ఊరంతా అందుకుంది.

అప్పుడామె నోరు తెరిచింది.

"రాయ్ సారూ. వంకలో ఇంజను వద్దు. దొంగ తీర్మానం చించల్ల. ఊరిని అడగల్లంటే ఒక్కొక్కరినే అడగల్ల. చెప్పింది చెప్పినట్టు రాసి, మా ముందర చదవల్ల. రాయ్, ఇప్పుడే. రాసి చదువు. సరిగా ఉంటే, అప్పుడంటాం ఊ."